తోక మీది గుర్తు

మా ఇంట్లో 'నేను' అనే మాట తక్కువ. అమ్మీ ఎప్పుడూ 'హమ్ లోగాఁ' అనేది. తన ఒక్కదానికి తలనొప్పి వచ్చినా 'హమ్ లోగాఁ కీ తబియత్ ఠీక్ నైఁ' అనేది. ఆ అలవాటు మాకూ అంటింది. ఇరవై ఏళ్లుగా తెలుగు పత్రికల్లో పనిచేస్తున్నా, సొంత సంగతి రాయడానికి కూర్చుంటే కలం 'మేము' అనే మొదలుపెడుతుంది. ఆఫీసులో మిత్రులు 'ఇదేం నవాబుగారి భాషండీ' అని నవ్వుతారు. నవాబుతనం కాదు. బయట మమ్మల్ని ఒక్క మనిషిగా ఎవరూ చూడరు. ఎక్కడో ఎవడో చేసినదానికి మా వంక చూస్తారు. ఆ చూపులకి అలవాటుపడి 'నేను' అనడం మేమే మర్చిపోయాం.

ఈ సంకలనంలో తిమింగలాల సంగతేమిటని మీరు అడగొచ్చు. సాయిబులు రాస్తే కర్ఫ్యూ గురించి రాయాలి, బుర్ఖా గురించి రాయాలి, పంక్చర్ షాపు గురించి రాయాలి. మేమూ అలాగే అనుకున్నాం. అవన్నీ రాశాం కూడా. కానీ ఒక జూలై నెలలో అలాస్కా సముద్రంలో, చిన్న ఓడ మీద నిలబడి చూసినదే మా గురించి మాకు ఎక్కువ చెప్పింది. అందుకే అదే రాస్తున్నాం.

మాది బందరు. మచిలీపట్నం అంటే చేపల పట్నం అని పిల్లప్పుడు చెప్పుకునేవాళ్లం. మచిలీ అంటే మా మచ్‌లీయే కదా, ఊరి పేరులోనే మా భాష ముక్క ఉంది కదా అని క్లాసులో గొప్పగా ఉండేది. 1992 డిసెంబరు తర్వాత అదే క్లాసులో పక్క బెంచీవాడు 'మీరు పాకిస్తాన్ ఎప్పుడు పోతార్రా?' అని అడిగాడు. వాడు చెడ్డవాడు కాదు. ఇంట్లో విన్నది అడిగాడు. మాకప్పుడు పన్నెండేళ్లు. ఇంటికొచ్చి అమ్మీకి చెప్పాం. 'హమ్ లోగాఁ కైకూ జాతే? యహీంచ్ పైదా హుయే, యహీంచ్ మరతే' అంది. ఎందుకు పోతాం, ఇక్కడే పుట్టాం, ఇక్కడే పోతాం అని. పోయినవాళ్లు పోయారు, మనం ఉండిపోయినవాళ్లం అంది. ఆ మాట గుర్తుంచుకోండి. మళ్లీ వస్తుంది.

అమ్మీకి సముద్రం మీద మోజు. వాళ్ల అబ్బా, అంటే మా నానా, 1960ల్లో బొంబాయి నుంచి ఓడలో హజ్‌కి వెళ్లొచ్చాడు. 1995తో ఆ ఓడలు ఆగిపోయాయి, ఇప్పుడందరూ విమానాల్లోనే పోతారు. జిద్దా దారిలో ఒక తెల్లవారుజామున డెక్కు మీద ఫజర్ నమాజ్ చదివి కూర్చుంటే, దూరంగా నీళ్లు చిమ్ముతూ కొండంత మచ్‌లీ కనబడిందట. ఓడలోవాళ్లంతా యూనుస్ పైగంబర్‌ని తలుచుకున్నారట. ఈ ముచ్చట అమ్మీ మాకు వందసార్లు చెప్పింది. చేప కడుపులో, చీకట్లో కూర్చుని అల్లాని వేడుకున్న యూనుస్ పైగంబర్ కథ, నానా చూసిన మచ్‌లీ, రెండూ మా బుర్రల్లో ఒకటైపోయాయి.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. దాని వెనక పౌరుల జాబితా కూడా వస్తుందన్నారు. ఆ చలికాలం మావాళ్ల ఇళ్లలో అటకల మీది పెట్టెలన్నీ కిందికి దిగాయి. మేమూ బందరు వెళ్లి అమ్మీ ట్రంకుపెట్టె తెరిచాం. రేషన్ కార్డులో పేరు చివర 'బీ' అని ఉంది. ఓటరు కార్డులో 'బేగం' అని ఉంది. ఆధార్‌లో రెండూ లేవు. పుట్టిన సంవత్సరం ఒకదాంట్లో 1953, ఇంకోదాంట్లో 1956. ఆపా 1977లో దివిసీమ తుఫాను వచ్చిన నెలలో పుట్టింది. అమ్మీకి ఆ రాత్రి గాలి హోరుతో సహా గుర్తు. బళ్లో మాస్టారు మాత్రం ఆపాకి జూన్ 1 అని వేశాడు. కాగితాలన్నీ చాప మీద పరిచి చూస్తుంటే అమ్మీ ఒకటే అడిగింది: 'మొహం చూస్తే తెలీదా, మేమెవరమో?'

2021 మే నెలలో అమ్మీ కరోనాతో పోయింది. ఆసుపత్రిలో ఉన్న వారం రోజులూ ఇంట్లో ఆడవాళ్లు ఆయతె కరీమా చదివారు. యూనుస్ పైగంబర్ చేప కడుపులో చేసుకున్న దువా అది. కష్టం వస్తే మా ఇళ్లలో దాన్ని లక్షా పాతికవేలసార్లు చదువుతారు. ఖర్జూరపు గింజలు కుప్పపోసి, ఒక్కోటి పక్కకి జరుపుతూ లెక్కపెడతారు. ఆ లెక్క పూర్తికాకుండానే ఫోనొచ్చింది. మర్నాటి పేపర్లో ఆ రోజు మృతుల సంఖ్య వచ్చింది. ఆ పేజీ మా డెస్కులోనే తయారైంది. అమ్మీ ఆ అంకెలో ఒకటి.

ఆపా సియాటిల్ దగ్గర ఉంటుంది. వాళ్లబ్బాయి ఉద్యోగంలో చేరి నాలుగు డబ్బులు వెనకేశాక ఫోను చేశాడు. 'మామూజాన్, నానీ చెప్పిన మచ్‌లీ చూద్దాం రండి' అన్నాడు. టికెట్లు వాడే కొన్నాడు. దాచడమెందుకు, ఆ డబ్బు మా ఏడాది జీతంలో సగానికి పైనే. అంత ఖర్చు పెట్టి చేపని చూడ్డమేమిటని మా ఆవిడ నాలుగు రోజులు గొణిగింది. ఐదో రోజు స్వెట్టర్లు సర్దింది.

దిగిన విమానాశ్రయంలో మా ఇద్దర్నీ పక్క గదిలో గంటన్నర కూర్చోబెట్టారు. మర్యాదగానే అడిగారు. ఏ ఊరు, ఏం పని, ఏం రాస్తారు, తిమింగలాలు చూడ్డానికా, నిజంగానా? విమానంలో మా పక్క సీట్లో కూర్చున్న గుంటూరు ఆయన దారంతా మాతో సినిమా కబుర్లు చెప్పాడు. ఆయన పాస్‌పోర్టు రంగూ మా పాస్‌పోర్టు రంగూ ఒకటే. ఆయన రెండు నిమిషాల్లో బయటపడ్డాడు.

అలాస్కాలో జూనో అనే ఊళ్లో ఓడ ఎక్కాం. వేలమంది పట్టే క్రూయిజు ఓడ కాదు. అరవైమంది ప్రయాణికులు, వారం రోజులు. చిన్న ఓడ కాబట్టి ఇరుకు జలసంధుల్లోకి కూడా పోతుంది, డెక్కు మీద నిలబడితే నీళ్లు దగ్గరగా కనబడతాయి. వంటాయన వచ్చి మేం ఏం తింటామో అడిగాడు. చేపకి జబా అక్కర్లేదు కాబట్టి ఏడు రోజులూ సాల్మన్, హాలిబట్ తిన్నాం. అసలు చిక్కు నమాజ్ దగ్గర వచ్చింది. బందరులో కిబ్లా పడమర. జూనోలో దాదాపు సరిగ్గా ఉత్తరం. భూమి గుండ్రం కదా, ఉత్తర ధ్రువం మీదుగా పోతే మక్కా దగ్గర. పుట్టినప్పటి నుంచీ పడమటి వైపు వంగిన ఒళ్లు ఉత్తరానికి తిరగనంటుంది. తిరిగినా, మధ్యలో ఓడ మలుపు తిరుగుతుంది. జూలైలో మగ్రిబ్ రాత్రి పదింటికి. 'అల్లా చూసుకుంటాడులే, నువ్వు చదువు' అంది ఆపా.

రెండో రోజు పొద్దున చాతమ్ జలసంధిలో ఇంజను తగ్గించారు. ముందు చప్పుడు వినబడింది. పెద్ద లారీ టైరులోంచి గాలి వదిలినట్టు. తర్వాత పొగలాంటి నీటి తుంపర. తర్వాత నల్లటి వీపు. హంప్‌బ్యాక్ తిమింగలం. నలభై, నలభై అయిదు అడుగుల ఒళ్లు, ముప్ఫై టన్నుల పైచిలుకు బరువు. గాలి మా వైపు తిరిగితే దాని ఊపిరి వాసన కొట్టింది. అచ్చం బందరు ఎండుచేపల వాసన. మా ఆవిడ 'యా అల్లా!' అంది. ఆ వెంటనే 'అమ్మో, చూడండి ఎంతుందో!' అంది. పక్కనున్న గైడు అమ్మాయి అది ఏ భాష అని అడిగింది. మొదటిది ఉర్దూలో అన్నది, రెండోది తెలుగు అన్నాం. రెండూ మీవేనా అంది. రెండూ మావే అన్నాం. 'బాగుంది' అని మళ్లీ కెమెరా ఎత్తింది. అంతే. మన దగ్గరైతే 'మీ తెలుగు బాగుందండీ, అస్సలు ముస్లింలా లేరు' అనే మాట వచ్చి ఉండేది. మెచ్చుకోలుగానే అంటారు. ఆ మెచ్చుకోలు మింగడానికి మాకు ఇరవై ఏళ్లు పట్టింది.

తిమింగలం నాలుగుసార్లు ఊపిరి తీసుకుని, వీపు వంచి, తోక పైకెత్తి లోపలికి పోయింది. తోక లేచిన ఆ రెండు క్షణాల కోసమే గైడు కాచుకుని ఉంది. హంప్‌బ్యాక్ తోక అడుగుభాగంలో నలుపూ తెలుపూ మచ్చలుంటాయి. ఒకదానికి పూర్తిగా తెలుపు, ఒకదానికి పూర్తిగా నలుపు, మిగతావాటికి మధ్యరకం. అంచు రంపపు పళ్లలా ఉంటుంది. దాని మీద ఓర్కాలు కొరికిన గీతలు, వలతాళ్లు కోసిన మచ్చలు. ఏ రెండు తోకలూ ఒకటి కావు. 1970ల్లో జూనోలో బడిపంతులుగా పనిచేసిన చార్లెస్ జురాజ్ లాంటివాళ్లు ఈ తోకల ఫొటోలు తీసి, ఏ తిమింగలం ఏదో గుర్తుపట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు 2015లో మొదలైన హ్యాపీవేల్ అనే జాబితాకి ఎవరైనా ఫొటో పంపొచ్చు. కంప్యూటరు పోల్చి చూసి, ఇది ఫలానాది, ఫలానా చోట ఇదివరకు కనబడింది అని చెబుతుంది. ఆపా కొడుకు మేం చూసిన తోకని పంపాడు. మేం తిరిగొచ్చాక జవాబొచ్చింది. అది ఇదివరకు హవాయి దగ్గర కనబడిందట.

ఆ తిమింగలాలు ఎండాకాలం అలాస్కాలో మేస్తాయి. చలికాలం నాలుగున్నర వేల కిలోమీటర్లు ఈది హవాయి పోతాయి. అక్కడ పిల్లల్ని కంటాయి. అక్కడున్నన్నాళ్లూ దాదాపు ఏమీ తినవు. 'నెలల తరబడి రోజాయే!' అంది మా ఆవిడ. పిల్ల తల్లి వెంట ఒక్కసారి ఈ దారిన వస్తే చాలు, తర్వాత ప్రతి ఏడూ అమ్మ చూపించిన మేత చోటికే వస్తుంది. దాని దేశం అలాస్కానా హవాయియా అని ఎవరూ అడగరు.

వేట వల్ల ఉత్తర పసిఫిక్‌లో ఇవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 1966లో ఆ వేటని నిషేధించాక నెమ్మదిగా పెరిగాయి. 2012 నాటికి సుమారు 33,000 అయ్యాయి. 2021 నాటికి సుమారు 26,600కి తగ్గిపోయాయి. 2014 నుంచి 2016 దాకా ఆ సముద్రం మామూలుకంటే వేడెక్కి మేత తగ్గింది, అదే ముఖ్య కారణమని శాస్త్రవేత్తలు అంటున్నారు. ఈ లెక్క ఎలా తెలిసిందంటే, తోకల వల్లే. ఏటా వచ్చే తోకల్లో ఏవి రాలేదో ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశారు. గైడు అమ్మాయి తన పాత ఫొటోలు చూపిస్తూ 'ఇది రాలేదు, ఇదీ రాలేదు' అని ఒక్కోటి చెబుతుంటే మాకు ఖర్జూరపు గింజలు గుర్తొచ్చాయి. మా ఆపా లేచి కేబిన్లోకి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్లు తిమింగలాన్ని చూసి 'తిమింగలం' అని ఊరుకోవడం లేదు. 'ఫలానాది' అంటున్నారు. దాని దెబ్బలు దానివే, దాని పిల్ల దానిదే. ఒకటి పడవని గుద్దితే మిగతా వాటన్నిటినీ అనుమానంగా చూడరు. మా సంగతి? హైదరాబాదులో అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ఫోనులో తెలుగు విని రమ్మన్న ఇంటాయన, గుమ్మంలో పేరు విని 'నిన్ననే ఇచ్చేశామండీ' అంటాడు. ఆయన చూసింది మమ్మల్ని కాదు. మా జాతిని చూశాడు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజ్‌కి వెళ్లి చచ్చిపోయింది మావాళ్లు. తర్వాత పోలీసులు పట్టుకుపోయిన కుర్రాళ్లూ మావాళ్లే. కొన్నేళ్లకి వాళ్లు నిర్దోషులని తేలాక, 2012లో ప్రభుత్వం పరిహారంతో పాటు మంచి నడవడిక సర్టిఫికెట్లు ఇచ్చింది. ఆ వార్త మేం డెస్కులో దిద్దాం. శీర్షిక పెట్టడానికి చెయ్యి రాలేదు. మంచివాడని కాగితం చూపించాల్సిన అవసరం ఎన్నడూ రానివాళ్లకి ఆ కాగితం బరువు తెలీదు.

నాలుగో రోజు గ్లేషియర్ బేలోకి పోయాం. సౌత్ మార్బుల్ దీవి రాళ్ల మీద సీ లయన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ అరుస్తున్నాయి. వెల్లకిలా తేలే నీటికుక్కలు కడుపు మీద పిల్లల్ని పెట్టుకుని మా వంక చూశాయి. అక్కడ హూనా తెగ ఆవిడ ఒకరు ఓడ ఎక్కి వాళ్ల కథ చెప్పింది. మొదట తన అమ్మ వంశం చెప్పింది, తర్వాత తన పేరు చెప్పింది. 1700ల మధ్యలో మంచునది ముందుకొచ్చి వాళ్ల ఊళ్లని తోసేసిందట. తర్వాత మంచు వెనక్కి పోయింది. కానీ 1925లో ఆ చోటు ప్రభుత్వ రక్షిత ప్రాంతమైంది. కాలక్రమంలో తాతలు ఏరుకున్న చోట సముద్రపు కాకుల గుడ్లు ఏరుకోవడం కూడా నేరమైంది. గుడ్లు ఏరుకోనిచ్చే చట్టం 2014లో వచ్చింది. 2016లో వాళ్ల వంశాల ఇల్లు అక్కడ మళ్లీ లేచింది. 'మేం ఇక్కడివాళ్లమని మాకెప్పుడూ తెలుసు. వాళ్లకి తెలియడానికే ఇన్నేళ్లు పట్టింది' అని నవ్వింది. ఆమె నవ్వులో మాకు అమ్మీ గొంతు వినబడింది.

చివరి సాయంత్రం గైడు అమ్మాయికి నానా హజ్ ఓడ ముచ్చట చెప్పాం. అరేబియా సముద్రంలో నీళ్లు చిమ్మిన మచ్‌లీ ఏమై ఉంటుందని అడిగాం. కచ్చితంగా చెప్పలేను గానీ హంప్‌బ్యాక్ అయి ఉండొచ్చు అంది. అప్పుడు ఆ అమ్మాయి చెప్పింది విని మేం నోరు తెరిచాం. లోకంలో హంప్‌బ్యాకులన్నీ వలస పోతాయి. అరేబియా సముద్రంలోవి మాత్రం పోవు. ఏడాది పొడుగునా అక్కడే ఉంటాయి. దాదాపు 70,000 ఏళ్లుగా మిగతావాటి నుంచి విడిపోయి అక్కడే ఉండిపోయాయి. 1960ల్లో సోవియట్ వేట ఓడలు దొంగచాటుగా వాటిలో 242ని చంపేశాయి. ఇప్పుడు వందకి లోపే మిగిలాయని అంచనా.

ఉండిపోయినవి. మా ఆపా, మేమూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తిమింగలానికీ మనిషికీ పోలిక పెట్టడం తేలికే. తిమింగలానికి ఓటు లేదు, అద్దె ఇల్లు అక్కర్లేదు. అది మాకు తెలుసు. అయినా ఆ మాట దగ్గర మా ఇద్దరికీ గొంతు పట్టేసింది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. 2017 చివర్లో ఒమన్ దగ్గర ఒక ఆడ తిమింగలానికి ఉపగ్రహానికి కబురు పంపే ట్యాగు పెట్టారు. అది అరేబియా సముద్రం దాటి మన పడమటి తీరానికి వచ్చింది. దాని పేరు లుబాన్. అరబ్బీలో సాంబ్రాణిలాంటి ఒక ధూపం. దాని తోక మీది మచ్చ ఆ ధూపమిచ్చే చెట్టులా ఉంటుందని ఆ పేరు పెట్టారు.

లుబాన్ అంటే మా ఇంటి మాటలో లోబాన్. ప్రతి జుమ్మేరాత్ సాయంత్రం అమ్మీ కుంపట్లో నిప్పులు వేసి, లోబాన్ చల్లి, గది గదికీ పొగ తిప్పేది. పక్కింటి సుబ్బమ్మత్త గోడ అవతల నుంచి 'మా ఇంటికి కూడా రానివ్వవే ఆ పొగ' అనేది. ఆమె మమ్మల్ని జాతిగా చూడలేదు. ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరు అలిగి అన్నం మానేశారో ఆమెకి తెలుసు. తెలుసుకోవడానికి ఆమె ఏ కాగితమూ అడగలేదు. ఏళ్ల తరబడి పక్కనే ఉండి చూసింది.

ఇంటికొచ్చాక ఆ తోక ఫొటో తీసుకెళ్లి అమ్మీ ట్రంకుపెట్టెలో పెట్టాం. ఆ పెట్టెలో ఉన్న కాగితాలన్నిటిలో తప్పు లేనిది అదొక్కటే.

మేమంతా మంచివాళ్లమని మీరు చెప్పక్కర్లేదు. మాలో చెడ్డవాళ్లున్నారు, పిసినారులున్నారు, కవులున్నారు, బాకీ ఎగ్గొట్టేవాళ్లున్నారు. ఎవరికి వాళ్లని చూడండి. అలాస్కాలో తిమింగలానికి వంద గజాల దూరంలో ఆగాలని రూలు ఉంది. అంత దూరం నుంచి కూడా వాళ్లు ఒక్కోదాన్నీ పోల్చుకుంటున్నారు. మీరూ మేమూ ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నాం. అమ్మీ అడిగిన ప్రశ్నే మేమూ అడుగుతున్నాం. మొహం చూస్తే తెలీదా, మేమెవరమో?